విదేశీ పట్టా – స్వదేశపు గుర్తింపు

తెలుగు భాషలో పట్టా అనే మాటకు రెండర్థాలున్నవి. రైతుకు అది భూమిపై హక్కును తెలిపే పత్రం. విద్యార్థికి అది విశ్వవిద్యాలయం ప్రదానం చేసే యోగ్యతాపత్రం. ఉర్దూ సోదరులు దీనినే సనద్ అంటారు. చీడికాడ, చోడవరం, మాడుగుల ప్రాంతాల పల్లెలలో ఈ రెండు పట్టాల నడుమ ఇటీవల ఒక విచిత్రమైన బంధం ఏర్పడినది. మొదటిదానిని అమ్మో, తాకట్టు పెట్టో రెండవదానిని సంపాదించే ప్రయత్నం జరుగుతున్నది. కుమారుడో కుమార్తెయో వైద్యవిద్యకై విదేశానికి పోవటం, ఇంటివారు చెరకు పండే ఎకరాన్ని వదులుకోవటం ఇప్పుడు వింత కాదు.

పల్లెవాసి భూమిని కొనేటప్పుడు ఎంత జాగ్రత్త వహిస్తాడో మనకు తెలుసు. రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయిస్తాడు. అడంగల్ చూస్తాడు. సర్వే నంబరు సరిచూసి, నాలుగు హద్దులూ కాలినడకన తిరిగి, ఇరుగుపొరుగు రైతులను వాకబు చేస్తాడు. దస్తావేజు చేతికి వచ్చినా, రికార్డులో తన పేరు ఎక్కేవరకు అతనికి నిద్ర పట్టదు. అదే మనిషి, ఆ భూమి వెలకు సమానమైన సొమ్మును ఒక ఏజెంటు చేతిలో పోసి, వేల మైళ్ల దూరాన ఉన్న కళాశాలకు బిడ్డను పంపేటప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే: “సీటు తప్పకుండా వస్తుందా?” తిరిగివచ్చిన తరువాత ఆ పట్టా ఇక్కడ చెల్లుతుందా, చెల్లితే ఏ కార్యాలయంలో, ఏ షరతుల మీద అని అడిగేవారు అరుదు. అడిగినా కచ్చితంగా చెప్పగల అధికారి అతనికి అందుబాటులో లేడు. ఈ వ్యాసంలో నేను తప్పుపట్టదలచినది ఆ తండ్రి అమాయకత్వాన్ని కాదు. ఆ అధికారి లేకపోవటాన్ని.

మొదట మూడు సంగతులను వేరుచేసి చూడవలసి ఉన్నది. ఇవి ఒకదానితో ఒకటి కలిసిపోవటం వల్లనే సగం చిక్కు పుడుతున్నది. పత్రం నిజమైనదా, దొంగదా అని తేల్చటం ఒక పని. సంతకమూ ముద్రా అసలైనవేనని ప్రభుత్వాలు పరస్పరం నమ్మే అపోస్టిల్ పద్ధతి అంతవరకే పరిమితం. మన దేశం ఆ ఒప్పందంలో 2005లో చేరినది. ఆ చదువు మన దేశపు ఏ చదువుకు సమానం అని నిర్ణయించటం వేరొక పని. ఆ చదువుతో ఇక్కడ వృత్తి చేయటానికి అనుమతించటం మరొక పని. వైద్యులకు, న్యాయవాదులకు, నర్సులకు, ఔషధశాస్త్రజ్ఞులకు ఈ మూడవది లేనిదే మొదటి రెండూ కొరగావు. పత్రంపై ఎర్రని ముద్ర చూపి “గవర్నమెంటు గుర్తింపు ఉన్నది” అని చెప్పే దళారి అబద్ధమాడినట్లు కాదు; మొదటి సంగతిని మూడవదానిగా చలామణీ చేసినట్లు.

సమానత్వ నిర్ణయపు చరిత్ర నిజానికి మన విశ్వవిద్యాలయాల సొంత చరిత్రయే. ఒక విశ్వవిద్యాలయపు పట్టాను మరొకటి అంగీకరించని రోజులలో, ఆ చిక్కును తీర్చటానికి 1925లో అంతర్విశ్వవిద్యాలయ మండలి ఏర్పడినది. అదే 1973లో భారత విశ్వవిద్యాలయాల సంఘంగా మారినది. విదేశీ పట్టాలకు ఆ సంఘం ఇచ్చే సమానత్వ పత్రాన్ని కేంద్ర ప్రభుత్వోద్యోగాలకు కూడా చాలినదిగా 1995 మార్చిలో ప్రభుత్వం ప్రకటించినది. 2025 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యూజీసీ, ఇందుకై ప్రత్యేక నిబంధనావళిని వెలువరించినది. విదేశీ సంస్థ పేరును అద్దెకు తెచ్చుకొని నడిపే ఫ్రాంచైజీ చదువులు చెల్లవని అందులో స్పష్టంగా చెప్పినారు. వైద్యం, న్యాయం మొదలైన వృత్తివిద్యలను మాత్రం ఆ నిబంధనావళి తన పరిధినుంచి తప్పించి, ఆయా మండళ్లకే విడిచిపెట్టినది.

ఇక్కడ ఒక చమత్కారం గమనించదగినది. బ్రిటన్‌లో ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదువులు చాలావరకు ఏడాదిలో ముగుస్తవి. మన దేశంలో అవి రెండేళ్లు. ఈ తేడా కారణంగా అక్కడినుంచి వచ్చిన మన పిల్లలు ఎన్నో ఏళ్లు చిక్కులు పడినారు. 2022 జూలై 21న రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరినది. ఆ ఏడాది చదువుకు గుర్తింపు లభించినది. జూలై 20వ తేదీన లేని జ్ఞానం జూలై 22వ తేదీకి ఆ విద్యార్థి తలలోకి వచ్చి చేరలేదు గదా! గుర్తింపు అనేది విద్యను మాత్రమే కొలిచే త్రాసు కాదు. రెండు దేశాల నడుమ గల బేరం కూడా అందులో తూగుతుంది. ఈ సంగతి తెలిసినవారికి కోపం కొంత తగ్గుతుంది, జాగ్రత్త కొంత పెరుగుతుంది.

మన ప్రాంతపు విద్యార్థులకు అన్నిటికంటె దగ్గరి సమస్య వైద్యవిద్య. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత అక్కడి కళాశాలలనుంచి వచ్చిన మన విద్యార్థుల యోగ్యత ఒక పెద్ద వివాదమైనది. 2001లో వైద్యమండలి చట్టానికి సవరణ వచ్చినది, 2002లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది, ఆ సంవత్సరంనుంచే విదేశీ వైద్య పట్టభద్రులకు అర్హతా పరీక్ష మొదలైనది. మూడువందల ప్రశ్నలు, నూటయాభై మార్కులు వస్తే ఉత్తీర్ణత, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు, ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తారు. ఇటీవలి సంవత్సరాలలో ఈ పరీక్ష రాసినవారిలో ఒక్కొక్క విడతకు సుమారు అయిదింట ఒకవంతు మాత్రమే గట్టెక్కుతున్నారు. ఏదైనా ఒక విడతలో అది నాలుగింట ఒకవంతును కొద్దిగా మించితే మంచి ఫలితమని చెప్పుకొంటున్నాము.

మిగిలినవారు ఏమవుతున్నారు? మళ్లీ రాస్తారు. కోచింగు కేంద్రాలున్న నగరంలో గది అద్దెకు తీసుకొని రెండేళ్లు, మూడేళ్లు చదువుతారు. ఊరికి వస్తే అందరూ “డాక్టరుగారూ” అని పిలుస్తారు. చట్టం దృష్టిలో మాత్రం ఒక మాత్ర రాసే అధికారం వారికి లేదు. పెండ్లి మాటలు ఆగిపోతవి, అప్పుకు వడ్డీ ఆగదు. ఈ దుస్థితిని తలచుకొన్నప్పుడు పరీక్షయే వద్దు అనటం సులభం. నేను ఆ మాట అనలేను. ఎందుకంటే పరీక్ష రద్దయితే ఆ భారాన్ని మోసేది ఢిల్లీలోని అధికారి కాదు, కోనాం జలాశయం అవతల కొండకింద పల్లెలో జ్వరంతో పడుకొన్న మనిషి. అతనికి రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకొనే స్తోమత లేదు. నగరంలోని ధనికుడు డాక్టరును ఎంచుకొంటాడు. పల్లెలోని పేదవాడు దొరికిన డాక్టరు దగ్గరకు పోతాడు. కాబట్టి పరీక్ష అవసరం పల్లెకే ఎక్కువ.

కాని పరీక్ష న్యాయమైనదైనంత మాత్రాన దాని చుట్టూ అల్లిన ఏర్పాటు న్యాయమైనది కాజాలదు. 2021 నవంబర్ 18న జాతీయ వైద్య సంఘం కొత్త నిబంధనలు జారీచేసినది. కోర్సు కనీసం యాభైనాలుగు నెలలుండాలి; అదే విదేశీ సంస్థలో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి; బోధన ఆంగ్లంలో జరగాలి; ఆ దేశంలోనే వైద్యునిగా నమోదు కాగల అర్హత ఉండాలి; తిరిగివచ్చి ఇక్కడ మరొక పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. చేరిననాటినుంచి పదేండ్లలోగా ఇదంతా ముగియాలి. షరతులు అసమంజసమైనవని నేననను. ఆంగ్లబోధన షరతు ఒక్కటి కొంత ఆలోచింపజేస్తుంది: హైదరాబాదులో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని ఉర్దూలో బోధించినది, దానిని చదివినవారు రోగులకు చక్కగానే వైద్యం చేసినారు. ఐతే ఆ విద్యార్థికీ రోగికీ భాష ఒకటే. రష్యన్ మాట్లాడే రోగి చెప్పే బాధ అర్థంకాని విద్యార్థి ఆస్పత్రి వార్డులో ఏమి నేర్చుకొంటాడనేది వేరే ప్రశ్న; దానికి ఆంగ్లబోధన కూడా పరిష్కారం కాదు.

అసలు లోపం మరొకచోట ఉన్నది. ఈ షరతులను ఏ కళాశాల తీరుస్తున్నదో, ఏది తీర్చటంలేదో జాతీయ వైద్య సంఘం పేరుపేరునా ముందుగా చెప్పదు. ఆమోదించిన విదేశీ కళాశాలల జాబితా తమవద్ద లేదని, విద్యార్థులే విచారించుకొని చేరాలని అది హెచ్చరికలు మాత్రం విడుదల చేస్తుంది. వెనుకటికి విదేశానికి పోయేముందు భారత వైద్యమండలి నుంచి అర్హతాపత్రం తీసుకొనే నియమం ఉండేది. ఆ పత్రం కూడా విద్యార్థి యోగ్యతను చెప్పినదే గాని కళాశాల యోగ్యతను కాదు. నీట్ పరీక్ష వచ్చిన తరువాత ఆ పత్రం స్థానాన్ని నీట్ ఫలితమే ఆక్రమించినది. అనగా పదిహేడేండ్ల విద్యార్థి, ఆంగ్లంలో ఉన్న గెజెట్ ప్రకటనను చదివి, మనీలాలోనో తాష్కెంట్‌లోనో ఉన్న కళాశాల పాఠ్యప్రణాళికతో దానిని పోల్చి, న్యాయవాదివలె నిర్ణయం చేసుకోవాలి. పొరపాటు జరిగితే అతనికి తెలిసేది ఆరేండ్ల తరువాత.

ఫిలిప్పీన్స్ వ్యవహారం ఇందుకు నిదర్శనం. అక్కడ మొదట జీవశాస్త్రంలో బి.ఎస్. చదివి, తరువాత నాలుగేండ్ల ఎం.డి. చదవటం పద్ధతి. తెలుగు విద్యార్థులు అక్కడికి పెద్దసంఖ్యలో పోయినారు. యాభైనాలుగు నెలల నియమం రాగానే ఆ బి.ఎస్. కాలాన్ని వైద్యవిద్యగా లెక్కించరాదన్నారు. నాలుగేండ్లంటే నలభైఎనిమిది నెలలే. ఆరు నెలల తేడాతో ఒక దేశపు చదువు మొత్తం ప్రశ్నార్థకమైనది. అంతలో 2022 ఫిబ్రవరి 24న యుక్రెయిన్‌లో యుద్ధం మొదలై వేలాది విద్యార్థులు చదువు మధ్యలో ఇల్లు చేరినారు. వారిని సురక్షితంగా రప్పించటంలో ప్రభుత్వం చూపిన చురుకుదనం ప్రశంసనీయమైనది. వారి చదువు సంగతి తేల్చటంలో ఆ చురుకుదనం కనిపించలేదు. ఇతర దేశాలకు మారవచ్చునని 2022 సెప్టెంబర్‌లో అన్నారు. చివరి సంవత్సరాల వారికి ఇక్కడే పరీక్ష రాసే రెండు అవకాశాలిస్తామని 2023 మార్చిలో సుప్రీంకోర్టుకు తెలిపినారు. ఆన్‌లైన్ పాఠాలు విన్న కొందరికి ఇంటర్న్‌షిప్ ఒక ఏడాదికి బదులు రెండేండ్లు, మూడేండ్లు అయినది. ప్రతి ఉత్తర్వుకూ ఒక కారణం ఉండవచ్చు. ఐతే నడుస్తున్న బండికి దారి మధ్యలో చక్రాలు మార్చినట్లున్నది ఈ పద్ధతి.

మనం గుర్తించే స్థానంలో ఉన్నప్పుడు ఇట్లా ప్రవర్తిస్తున్నాము. గుర్తింపుకై చేయి చాచిన స్థానంలో ఉన్నప్పుడు మనకెట్లా ఉండినదో కూడా జ్ఞాపకం చేసుకోవాలి. 1930లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్, మన కళాశాలల ప్రసూతి శిక్షణ మొదలైనవి చాలవన్న వివాదంపై, భారతీయ వైద్య పట్టాలకు గుర్తింపును ఉపసంహరించినది. విశాఖపట్నంలో వైద్యకళాశాల ప్రారంభమై అప్పటికి ఏడేండ్లు. ఆ అవమానంనుంచే 1933లో భారత వైద్యమండలి చట్టం పుట్టినది. 1975లో బ్రిటన్ మరల అదే పని చేసి, మన వైద్యులకు పరీక్ష పెట్టినది. ఇంజినీర్ల విషయానికి వస్తే 2018నాటి కువైట్ సంగతి మన ముస్లిం సోదరుల కుటుంబాలలో చాలమందికి అనుభవమే. అక్కడి ఇంజినీర్ల సంఘం అనుమతిపత్రం లేనిదే అఖామా పొడిగించమన్నారు. ఆ సంఘమేమో మన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ముద్ర ఉన్న కళాశాలల పట్టాలనే ఒప్పుకొంటామన్నది. ఆ బోర్డు పుట్టినదే 1994లో! అంతకు ముందు పట్టభద్రులై పాతికేండ్లుగా అక్కడ వంతెనలు, రోడ్లు నిర్మిస్తున్న ఇంజినీరు, తాను చదివిననాటికి లేని ముద్రను ఎక్కడినుంచి తేగలడు? మన పత్రికలు దానిని అన్యాయమన్నవి. నిజమే. వెనుకటి తేదీనుంచి వర్తించే నియమం కువైట్‌లో అన్యాయమైతే ఢిల్లీలో న్యాయం కాజాలదు.

ఈ సందర్భంలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోకుండా ఉండలేము. 1895లో భీమవరంలో జన్మించిన ఈ మహానుభావుడు మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినాడు. శస్త్రవైద్యాచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ తక్కువ పట్టాతో మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించి, 1920ల ఆరంభంలో అమెరికా చేరినాడు. అక్కడ వైద్యం చేయటానికి ఆ పట్టా చాలదు. బాస్టన్ ఆస్పత్రిలో రాత్రివేళ ఊడిగం చేస్తూ హార్వర్డులో చదివినాడు. 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. నేటికీ జీవరసాయన విద్యార్థులు ఆ ఇద్దరి పేర్లతోనే దానిని నేర్చుకొంటారు. 1930లో పిహెచ్.డి. పొందినాడు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆసిడ్ సంశ్లేషణ జరిగినది, బోదకాలుకు హెట్రజాన్ వచ్చినది. మన పల్లె ఆరోగ్యకేంద్రంలో గర్భిణీస్త్రీకి ఇచ్చే మాత్రలోను, ఇంటింటికీ వచ్చి మింగించే బోదకాలు మాత్రలోను ఉన్నది, సొంత ఊరి కొలువుకు చాలని పట్టా పుచ్చుకొన్న మనిషి పరిశ్రమ.

ఐతే ఒక్క సుబ్బారావుగారిని చూపి, అందరికీ అన్ని తలుపులూ తెరవమనటం తగదు. ఆయన కథ నుంచి నేను తీసుకొనేది వేరు. ఆయనకు తక్కువ పట్టా ఇచ్చినవారు ఆయన విద్యను కొలవలేదు, ఆయన చొక్కాను కొలిచినారు. గుర్తింపునిచ్చే సంస్థ ఏమి కొలుస్తున్నదో ఎల్లప్పుడూ ప్రశ్నించవలసి ఉన్నది. నెలలు లెక్కపెట్టటం తేలిక. విద్యార్థి ఎన్ని ప్రసవాలు చూసినాడు, ఎందరు రోగులను పరీక్షించినాడు అనేది కొలవటం కష్టం. కనుక మన నిబంధనలు నెలల దగ్గరే ఆగిపోతున్నవి.

స్వదేశంలో చదివినవారికి, విదేశంలో చదివినవారికి ఒకే తుదిపరీక్ష ఉంటే ఈ వాదం చాలవరకు సద్దుమణుగుతుంది. 2019నాటి జాతీయ వైద్యసంఘ చట్టంలోనే అట్టి పరీక్షను వాగ్దానం చేసినారు. నెక్స్ట్ అనే ఆ పరీక్ష వాయిదాలమీద వాయిదాలు పడి ఇంకా ఆచరణలోకి రాలేదు. స్వదేశపు కళాశాలల వారికి అది ఇష్టం లేదన్నది బహిరంగ రహస్యం. తనకు అక్కరలేని పరీక్షను పొరుగువానికి తప్పనిసరి చేయటంలో నైతికబలం తక్కువ. అంతకంటె ముఖ్యంగా, విదేశీ కళాశాలల యోగ్యతపై నిర్ణయాన్ని ప్రతి సంవత్సరం ప్రవేశాలకు ముందే ప్రకటించాలి. అట్లా ప్రకటించిన నిర్ణయం ఆ సంవత్సరం చేరినవారికి చదువు ముగిసేవరకు మారరాదు. కళాశాలలు వందలకొద్దీ ఉన్నవి, తనిఖీకి మనుషులు చాలరు అనే సమాధానం వినవస్తుంది. తనిఖీ చేయలేని ప్రభుత్వానికి సాధ్యంకానిది చీడికాడ రైతుకు ఎట్లా సాధ్యమని అనుకొంటున్నారో!

పైవారు ఎప్పటికి మేల్కొంటారో చెప్పలేము. ఈలోగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. విదేశీ పట్టభద్రుల పరీక్షను నిర్వహించే జాతీయ పరీక్షామండలి, ఏ దేశపు ఏ కళాశాలనుంచి ఎందరు హాజరైనారు, ఎందరు ఉత్తీర్ణులైనారు అనే పట్టికలను ప్రకటిస్తూ వచ్చినది. ఏజెంటు రంగురంగుల పుస్తకంలో ఉండని సమాచారమంతా ఆ రెండు అంకెలలో ఉన్నది. ఆ పట్టికలనుంచి తెలుగు విద్యార్థులు ఎక్కువగా పోయే కళాశాలల వివరాలను తీసి, 2021నాటి నిబంధనలతో కలిపి, తెలుగులోను ఉర్దూలోను ఒక పెద్ద కాగితంపై రాయించి గ్రంథాలయపు గోడకు అంటించవచ్చు. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు రెండు మూడు ఆదివారాలు కూర్చుంటే అయ్యే పని. విదేశంలో చదివి ఆ పరీక్ష గట్టెక్కినవారు, గట్టెక్కనివారు కూడా, మన ప్రాంతంలో ఉన్నారు. ఒక సాయంత్రం వారిని పిలిచి తల్లిదండ్రుల సమక్షంలో మాట్లాడించవచ్చు. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి, ఏజెంట్ల ప్రకటనలు చోడవరం బస్టాండు గోడలకెక్కేలోగా, మార్చి మాసంలోనే ఇది జరిగితే ఈ సంవత్సరపు విద్యార్థులకు అందుతుంది.